మూడు పిడికిళ్ళ అన్నభేది

నా చిన్నప్పుడు, పదేళ్ళ వయసులో, మా కనకాంబరం తోట పాలిపోయింది. జమ్మలమడుగు దగ్గర పల్లెలో మాకున్నది ఆ అరెకరమే. లేత ఆకుల్లో ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి, పూలు రావడం తగ్గిపోయింది. నాయన లేడు. పూలు రాకపోతే బడి మాన్పించి పత్తి తీయడానికి తీసుకుపోతానంది అమ్మ. ఆమె ఊరికే అనే మనిషి కాదు.

పక్కింటి అయివారు మిషన్ బడిలో పాఠాలు చెప్పేవారు. ఆయన ఆకు చూసి, సున్నపు నేలలో మొక్కకు ఇనుము అందదన్నారు. బకెట్టు నీళ్ళకు పది చెంచాల అన్నభేది అనే ఇనుప ఉప్పు, కాస్త నిమ్మ ఉప్పు కలిపి, ఎండ తగ్గాక ఆకుల మీద కొట్టమన్నారు. పది రోజులకొకసారి కొడుతూ ఓపిక పట్టాలట. ఆత్రగాడికి బుద్ధి మట్టం అంటారు, నాకు మరీ మట్టం. అమ్మ మందు కొట్టే పంపు కడగడానికి పోయినప్పుడు బకెట్లో ఇంకో మూడు పిడికిళ్ళు వేసేశాను. పూలు తొందరగా వస్తాయని నా ఆశ.

మూడో రోజుకు ఆకుల అంచులు నల్లగా మాడిపోయాయి.

అది ఆదివారం. చర్చి నుంచి జనంతో కలిసి వస్తున్న అయివారిని అమ్మ వీధిలోనే నిలబెట్టింది. "నీ మాట విని తోట కాల్చుకుంటి గదయ్యా! మా కడుపు మీద కొడ్తివే!" అని అరిచింది. అందరూ ఆగిపోయారు. ఆయన చూపు నా పావడ మీద పడింది. అంచున అన్నభేది తుప్పు మరకలున్నాయి. ఆ అంచును గుప్పిట్లో దాచుకున్నాను. "కొలత చెప్పింది నేనే గదమ్మా, యాడో పొరపాటు జరిగింటాది" అని ఆయన తల వంచుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం ఎవరూ పిలవకుండానే తోటకు వచ్చి, మాడిన కొమ్మలు కత్తిరిస్తూ కూర్చున్నారు. నా వైపు చూడనేలేదు. నన్ను పట్టిచ్చి ఉంటే రెండు దెబ్బలతో పోయేది. ఆయన వంగిన వీపు చూడలేక, ఇంటికి పరుగెత్తి అమ్మకు చెప్పేశాను. అమ్మ కొట్టలేదు. గడప మీద కూర్చుని, "తిట్టింది వీధిలో. చెప్పేదీ ఆడనే" అంది. మళ్ళీ ఆదివారం వచ్చింది.

అదే వీధి, అదే జనం. అమ్మ అంతే గొంతుతో అంది: "అందరూ ఇనండి! అయివారి తప్పేం లేదు. కనుక్కోకుండా నోరు పారేసుకున్నా." నా పేరు ఎత్తనేలేదు. అదే నాకు భరించరానిదైంది. "ఎక్కువ ఏసింది నేను" అన్నాను, అమ్మ వెనక నుంచి ముందుకొచ్చి.

అయివారు నా తల మీద చెయ్యి వేశారు. "పది దాకా లెక్కబెట్టను వచ్చు గదా? ఈసారి నువ్వే కలుపు" అన్నారు. కొత్త చిగుళ్ళు వచ్చాక, ముందు ఒక్క సాలు మొక్కలకు కొట్టి చూసి, తర్వాత తోటంతా కొట్టాం. మెల్లగా ఆకు పచ్చబడింది, పూలు తిరిగి వచ్చాయి. నా బడి నిలిచింది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. అమ్మ నోరే నాకూ వచ్చింది, ఇంటా బయటా జారుతూనే ఉంటుంది. కానీ నలుగురిలో అన్న మాట తప్పయితే, ఆ నలుగురినీ పిలిచి మరీ ఒప్పుకుంటాను. అప్పుడూ గొంతు తగ్గించను.