ఇవాళో రేపో నడిచేలా ఉంది

ఆ శిశు సంరక్షణ కేంద్రంలో కాగితం మీద ఎక్కడా రాయని నియమం ఒకటుంది. పసివాడు మొదటి అడుగు అక్కడ వేస్తే ఆ సంగతి తల్లికి చెప్పకూడదు. సాయంత్రం బిడ్డను చేతికిచ్చేటప్పుడు, "ఇవాళో రేపో నడిచేలా ఉన్నాడమ్మా, ఓ కన్నేసి ఉంచండి" అనాలి. అంతే. ఆ తల్లి ఇంటికెళ్లి, ఆఫీసు బట్టలైనా మార్చుకోకుండా నేల మీద కూర్చుని చేతులు చాపుతుంది. వాడు నడుస్తాడు. తన కళ్లముందే మొదటి అడుగు వేశాడని ఆవిడ మురిసిపోతుంది. మర్నాడు పొద్దున్నే పరిగెత్తుకొచ్చి ఆ వార్త చెబితే ఆయాలందరూ నోళ్లు తెరవాలి.

ఇలా నోరు తెరవడంలో మన ఆయాను మించినవాళ్లు లేరు. పదకొండేళ్ల అనుభవం మరి. "అమ్మో! నిజంగానా? ఎన్నడుగులేశాడేంటి?" అని బుగ్గ మీద చేయి వేసుకుందంటే, ముందురోజు వాడు ఈ గోడ నుంచి ఆ గోడదాకా నడిచొచ్చి తన మోకాలు పట్టుకున్నాడని ఎవరికీ అనుమానం రాదు.

పొద్దున ఏడింటికి తాళం తీస్తుంది, సాయంత్రం ఆరున్నరకు వేస్తుంది. ఈ మధ్యలో పన్నెండు మంది పసివాళ్లు. ముక్కులు తుడవడం, పాలసీసాలు మరగబెట్టడం, రబ్బరు చాపలు ఫినాయిల్‌తో కడగడం, ఒకడు రాగం తీస్తే మిగతావాళ్లు అందుకోకుండా చూడటం. ఎవరిని ఏ పక్కకు తిప్పి పడుకోబెడితే నిద్రపోతారో, పళ్లొచ్చే ముందు ఎవడు చెవి లాక్కుంటాడో అన్నీ ఆమెకు కంఠతా.

సొంత పిల్లల సంగతి మాత్రం అడక్కండి. అక్కడ పనిచేసేవాళ్ల పిల్లల్ని కేంద్రంలోకి రానివ్వరు. "సొంత బిడ్డ ఎదురుగా ఉంటే చేయి అటే పోతుంది" అంటుంది కేంద్రం నడిపే మేడం. వింటే ఒళ్లు మండేది ఆయాకు, కానీ అందులో అబద్ధం లేదని ఆమెకూ తెలుసు. పెద్దవాడికిప్పుడు ఏడేళ్లు. వాడు ఎప్పుడు నడిచాడో, ఏ గదిలో నడిచాడో ఆమె చూడలేదు. ఓ సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మంలో దర్జాగా నిలబడి ఉన్నాడు. "నాలుగు రోజులైందమ్మాయ్ నడవబట్టి, నువ్వొచ్చే వేళకి నిద్రపోతున్నాడు. నీకు చెప్పలేదూ?" అంది అత్తగారు వంటింట్లోంచి, కూరగాయలు తరుగుతూ. ఆ రోజు ఆయా స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని చాలాసేపు ఏడ్చింది.

అందుకే చిన్నదాని విషయంలో అలా జరగనివ్వకూడదని పంతం పట్టింది. ఏడాదిలో వచ్చే సెలవుల్ని జ్వరమొచ్చినా ముట్టుకోకుండా దాచింది. పిల్ల పట్టు వదిలి నిలబడటం మొదలెట్టగానే సెలవు పెట్టి ఎదురుగా కూర్చోవాలని ఆమె ఎత్తు. ఊళ్లోవాళ్ల పిల్లలు ఎప్పుడు నడుస్తారో కనిపెట్టే మనిషికి తన పిల్ల సంగతి తెలియకుండా పోతుందా?

ఆ సోమవారం సాయంత్రం చిన్నది ప్లాస్టిక్ స్టూలు వదిలేసి రెండు క్షణాలు నిలబడింది. మర్నాడు పొద్దున్నే ఆయా సెలవడిగింది. ఇంకో ఆయా రాలేదట. "రెండు రోజులు ఓపిక పట్టు, గురువారం నుంచి తీసుకో" అంది మేడం.

ఆ మంగళవారం సాయంత్రం అత్తగారు పిల్లను చంకనేసుకుని గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"అమ్మాయ్, ఇవాళో రేపో నడిచేలా ఉందే. ఓ కన్నేసి ఉంచు."

ఆ మాట ఆయాదే. కేంద్రంలో తల్లుల మురిపెం ఎలా ఉంటుందో ఇంట్లో ఎన్నిసార్లు అభినయించి చూపించిందో! అందరికంటే ఎక్కువ నవ్వింది ఈ అత్తగారే. పాపం ఆవిడ మంచికే చెప్పింది, కానీ చెప్పకచెప్పక ఆ మాటే చెప్పింది, అదీ ఈ మనిషికి. వేరే ఏ ముక్క అన్నా పిచ్చిది నమ్మేసి ఉండేది.

ఆయా బ్యాగు దించి, నేల మీద కూర్చుని చేతులు చాపింది. చిన్నది నాలుగడుగులు వేసి ఒళ్లో పడింది. భర్త చప్పట్లు కొట్టి, "ఒరేయ్, చెల్లి నడిచిందిరా!" అని కేకేశాడు. పెద్దవాడు ఏదో చెప్పబోయి, నానమ్మ కళ్లు చూసి నోరు మూసుకున్నాడు. "అమ్మో! నిజంగానా?" అంది ఆయా, చేయి దానంతటదే బుగ్గ మీదికి వెళ్లింది. తన గొంతు తనకే రోత పుట్టింది.

గురువారం ఇంట్లో అత్తాకోడళ్లే ఉన్నప్పుడు అడిగేసింది.

"ఎప్పుడు నడిచింది అత్తయ్యా?"

అత్తగారు చేతిలో గిన్నె కింద పెట్టింది. "మంగళవారం పొద్దున. స్టూలు దగ్గర్నుంచి నా దగ్గరికి. ఐదడుగులు. ఆరోదానికి కూలబడి నవ్వింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"పెద్దాడప్పుడు నేను చెప్పాగా. నీ ఏడుపు వినలేక చచ్చాను. కుళాయి తిప్పితే వినబడదనుకున్నావా?"

"ఏడిస్తే ఏడుస్తాను. మీరు మాత్రం ఇంకెప్పుడూ దాచకండి. ఏది జరిగితే అది చెప్పండి. ఒట్టేయండి."

వేసింది. వేసిన మనిషి మాట మీద నిలబడింది కూడా.

ఆనాటి నుంచి ఆయా చెప్పులు విప్పీ విప్పకముందే కబుర్లు మొదలయ్యేవి. ఇవాళ కింద పన్ను కనిపించింది. ఇవాళ కాకిని చూసి "పో" అంది. ఇవాళ మంచం మీంచి దొర్లింది, ఇదిగో బొప్పి. ఇవాళ పెద్దాడికి బళ్లో అమ్మ మీద నాలుగు వాక్యాలు రాయమన్నారట, "మా అమ్మ సాయంత్రం వస్తుంది" అని ఒక్కటి రాసి ఊరుకున్నాడు. మొదట్లో ఆయా ఆవురావురుమంటూ వినేది. పోనుపోను వీధి మలుపు దగ్గర కాసేపు నిలబడి, ఊపిరి పీల్చుకుని గాని ఇంట్లోకి వచ్చేది కాదు. అడిగి తెచ్చుకున్న నిజం, వద్దనడానికి లేదు.

పిల్లకు మాటలు వస్తున్న రోజుల్లో ఓ సాయంత్రం అత్తగారు గుమ్మంలోకి రాలేదు. వంటింట్లో అటు తిరిగి ఏదో కడుగుతోంది.

"ఇవాళేం లేవా కబుర్లు?"

"ఏం లేవమ్మాయ్."

"అత్తయ్యా. ఒట్టేశారు."

అత్తగారు నీళ్లు కట్టేసింది. ఇటు తిరగకుండానే చెప్పింది. "నన్ను 'అమ్మా' అంటోందే. ఇవాళ పొద్దుట్నుంచీ. నానమ్మననవే అని వందసార్లు దిద్దాను. వింటేగా? పొద్దస్తమానం అదే పిలుపు."

ఆయా పిల్లను ఎత్తుకుంది. పిల్ల రెండు నిమిషాలు ఉండి, అత్తగారి వైపు ఒరిగి చేతులు చాపింది. ఆయా కోపం తెచ్చుకుందామనుకుంది గానీ, ఎవరి మీద తెచ్చుకోవాలో తోచలేదు. పిల్లను అత్తగారి చేతుల్లో పెట్టింది.

"దిద్దకండి అత్తయ్యా" అంది. "నేనొచ్చేదాకా పిలుచుకోవడానికి దానికీ ఒక అమ్మ ఉండాలి కదా."