మా తమ్ముడి లెన్సుకు పైపు ముక్క

సినిమా కెమెరాను వంటింట్లో తయారు చేసిన మనిషి ఈ బెంగుళూరు మొత్తానికి నేనొక్కడినే. అదీ బాత్రూము పైపు ముక్కతో. మా తమ్ముడి చూపు పోయే ముందు వాడి భార్య ముఖాన్ని వాడికి ఆఖరిసారి చూపించింది ఆ యంత్రమే. ఈ సంగతి నేను పార్కు బెంచీ మీద చెప్పాను, మంగలి షాపులో చెప్పాను, పెళ్ళి పంక్తిలో పక్క విస్తరి ముందున్నాయనకు చెప్పాను. విన్న ఒకాయన నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడని కూడా చెబుతుంటాను.

అద్దుకోలేదు. షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

నోటితో చెప్పేటప్పుడు పెరిగినట్టు కాగితం మీద మాట పెరగదు. చెయ్యి వెనక్కి లాగుతుంది. కాబట్టి మొదట్లోనే కొంత తగ్గించి రాస్తాను. అది సినిమా కెమెరా కాదు. మామూలు వీడియో కెమెరా ముందు, ఫోటోలు తీసే కెమెరా లెన్సును బిగించే ఒక గొట్టం. అడాప్టరు అంటారు. అటువంటిది ఇంట్లో చేసుకున్నవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. నేనూ ఇంటర్నెట్టులో చూసే చేశాను. ఇంకొకటి, నేను బొమ్మసంద్రలో పంపుల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా రిటైరయ్యానని చాలామంది అనుకుంటారు. అనుకోనిస్తాను. నేను స్టోర్సులో ఉండేవాణ్ణి. నట్లు, బోల్టులు, గ్రీజు డబ్బాలు అడిగినవాళ్ళకు తీసి ఇచ్చేవాణ్ణి.

తమ్ముడి విషయంలో మాత్రం తగ్గించడానికి ఏమీ లేదనుకున్నాను.

మాది పాత బెంగుళూరు పేటలో తాతల నాడు మగ్గాలు పెట్టుకున్న ఇల్లు. మగ్గాలు పోయాయి, కొలత మిగిలింది. మా వాళ్ళు ఇప్పటికీ బట్టనే కాదు, మంచాన్నీ కిటికీనీ కూడా మూరతోనే కొలుస్తారు. మోచెయ్యి నుంచి వేలి కొన దాకా ఒక మూర. తమ్ముడు మగ్గం పట్టలేదు. మా మేనమామ ఫోటో స్టూడియోలో చేరి, ఆయన పోయాక దాన్ని తనే నడిపాడు. అక్కడ మూడు కాళ్ళ మీద ఒక పెద్ద చెక్క కెమెరా ఉండేది. నల్లగుడ్డ కప్పుకుని, దాని వెనకనున్న గరుకు గాజు మీద చూస్తే ఎదుటి మనిషి తలకిందులుగా కనిపిస్తాడు. పెళ్ళికూతుళ్ళను, పాస్‌పోర్టుకు వచ్చినవాళ్ళను, ఏడ్చే పసిపిల్లలను వాడు ఏళ్ళ తరబడి అట్లా తలకిందులుగానే చూశాడు. ఆ తర్వాత చేత పట్టుకునే కెమెరా కొన్నాడు. ఆ తర్వాత పెళ్ళిళ్ళకు వీడియో వచ్చింది. వాడు వీడియోను ముట్టలేదు. స్టూడియో మూతపడింది. సామానంతా అమ్మేసి, చేతి కెమెరా లెన్సు ఒక్కటి పట్టుగుడ్డ ముక్కలో చుట్టి బీరువాలో పెట్టుకున్నాడు.

చక్కెర జబ్బు వాడి కళ్ళ మీద పడింది. ఎడమ కన్ను ముందే పోయింది. కుడి కంట్లో రక్తం దిగి, లోకమంతా పొగలోంచి చూస్తున్నట్టుండేది. ఆపరేషను చేయాలి, చేసినా చూపు నిలుస్తుందని చెప్పలేం అన్నాడు డాక్టరు. తేదీ ఇచ్చారు. ఆ తేదీ వచ్చేదాకా నేను రోజూ వాడింటికి వెళ్ళి కూర్చునేవాణ్ణి. వీధిలో ఆటోలు పోయే చప్పుడు ఇద్దరం వినేవాళ్ళం. ఒకరోజు, ఎవరో పంపిన పెళ్ళి వీడియోను నా ఫోనులో పెట్టి వాడి ముఖం దగ్గర పట్టుకున్నాను.

"తీసెయ్యప్పా," అన్నాడు. "అన్నీ ఒకేమారు మీద పడతాయి. గోడ, గడియారం, కుర్చీలు, జనాలు. యాడ చూసేది? నా లెన్సులో అయితే ఒక ముఖమే ఉంటాది. వెనకంతా మంచు."

"ఎవరి ముఖం చూడాలని ఉండాది నీకు?"

వాడు వంటింటి వైపు తల తిప్పాడు. అక్కడ మా మరదలు, అంటే వాడి భార్య, రాగిముద్ద కెలుకుతోంది.

"ఇంకెవురిది? ఊరోళ్ళ ముఖాలన్నీ తీసినాను. దీన్నొక్కదాన్నే సరిగ్గా తీయలేదు. ఊరికే నిలబడినట్టు కాదు, మాట్లాడతా, కండ్లు ఆర్పతా ఉంటే చూడాల. ఈ కన్ను ఉన్నప్పుడే."

"పండ్లు ఊడినంక జ్ఞాపకమొచ్చిందా?" అంది మరదలు లోపలి నుంచే. "సుమ్నే మాత్ర వేసుకొని పండుకోండి." సుమ్నే అంటే మా బెంగుళూరు తెలుగులో ఊరికే అని.

వెనకదంతా కరిగిపోయి ఒక్క ముఖమే పెద్దగా మిగిలితే, పొగ పట్టిన కంటికి కూడా అది అందుతుంది. వాడి ఆశ అది. నా పాత వీడియో కెమెరాలో ఆ పని జరగదు. దానికి దగ్గరా దూరమూ అన్నీ ఒకటే తేటగా ఉంటాయి. బెళ్ళందూరులో ఉండే మా అల్లుడు విని నవ్వాడు.

"ఇంత అవసరమా మామయ్యా? ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ ఉంది కదా. బ్యాక్‌గ్రౌండ్ అదే బ్లర్ చేసేస్తుంది."

అట్లాగే తీసి చూపించాం. తమ్ముడు ఫోనును ముక్కుకు ఆనించుకుని చూశాడు. "కత్తెరతో కత్తిరించి అంటించినట్టుండాది. చెవి పక్కన వెంట్రుకలు యాడపోయినాయి?" అన్నాడు. అల్లుడు కొత్త కెమెరా కొంటానన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దో అప్పుడు చాలా గొప్పగా చెప్పాను, మనిషి చేత్తో చేసినదాని విలువ గురించి. అసలు సంగతి వేరు. ఆపరేషను దగ్గరపడుతుంటే ఆ గదిలో ఉత్త చేతులతో కూర్చోలేకపోయాను.

పని ఇదీ. వాడి లెన్సు ముందు ఉంటుంది. దాని వెనక, పాత కెమెరాలో ఫిల్ము ఉండేంత దూరంలో, ఒక గరుకు గాజు. లెన్సు తన బొమ్మను ఆ గాజు మీద పడేస్తుంది. గాజు వెనక నుంచి వీడియో కెమెరా ఆ బొమ్మను తీస్తుంది. బయటి వెలుతురు దూరకుండా చుట్టూ పైపు. మాటల్లో ఇంతే.

గాజే నా ప్రాణం తీసింది. అద్దాల షాపులో దొరికే గరుకు గాజు తెచ్చి పెడితే, ముఖం మీద అమ్మవారు పోసినట్టు చుక్కలు. ఫ్యాక్టరీలో వాల్వులు అరగదీయడానికి వాడే పేస్టు అప్పుడు గుర్తుకొచ్చింది. అన్నేళ్ళూ ఆ డబ్బాలు అందరికీ అందించానే తప్ప ఒక్కసారీ మూత తీసి చూడలేదు. అందులో సన్నరకం తెచ్చి, రెండు గాజు ముక్కల మధ్య నీళ్ళతో కలిపి, వంటింటి గట్టు మీద గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాను. ఆ చప్పుడుకు మా ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుంది. మొదటి గాజు పగిలింది. రెండోదాని మీద వాన చారల్లా గీతలు పడ్డాయి. ఆ తర్వాతది పొద్దున్నే మంచుపొర కట్టిన కిటికీలా తయారైంది. నా వేళ్ళ చర్మమూ దానితోపాటే అరిగింది.

అంత దగ్గరున్న గాజును చూడడం వీడియో కెమెరాకు చేతకాలేదు. మధ్యలో ఒక భూతద్దం కావాల్సి వచ్చింది. తమ్ముడు పేపరు చదువుకోవడానికి వాడేది దిండు పక్కన ఉండేది. నేను అడగలేదు. దాన్ని చేత్తో పట్టుకుని తిప్పుతుంటే వాడికే అర్థమైంది.

"తీసుకోప్పా. దాంతో చూసినా నాకు తెలీడంలేదు," అన్నాడు.

పైపు లోపల నల్లరంగు కొట్టాను. లెన్సును మా ఇంటి కిటికీ వైపు పెట్టి, గాజును వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుపుతూ, ఎదుటి మేడ మీది నీళ్ళ ట్యాంకు అంచు తేటపడిన చోట స్క్రూ బిగించాను. గాజు మీద ఆకాశం కింద ఉంది, ట్యాంకు పై నుంచి వేలాడుతోంది. దాని మీద వాలిన కాకి తలకిందులుగా నడుస్తోంది. ఎవరినైనా పిలిచి చూపించాలనిపించింది. ముందు తమ్ముడే గుర్తుకొచ్చాడు. వాడికి కాకి అంత చిన్నది కనిపించదని కూడా వెంటనే గుర్తుకొచ్చింది. గొట్టం ఒళ్ళో పెట్టుకుని గచ్చు మీద అట్లాగే కూర్చుండిపోయాను.

గరుకు గాజు వెలుతురును తినేస్తుంది. అందుకని ఎండ నడినెత్తి మీద ఉన్నప్పుడు వాళ్ళ మిద్దె మీద తీయాలనుకున్నాం. తమ్ముణ్ణి చెయ్యి పట్టి మెట్లెక్కించాను. నా వేళ్ళు తడిమి వాడు నవ్వాడు. "నా కంటికి సుమ్నే వచ్చిన మంచు. నువ్వు వేళ్ళు అరగదీసుకొని చేస్తివి," అన్నాడు. మరదలు స్టూలు మీద కూర్చుంది. ఆమె వెనక తీగె మీద దుప్పట్లు ఆరుతున్నాయి.

ఫోకసు నేను కెమెరా తెరలో చూసి పెట్టబోయాను. ఎండకు తెరలో నా ముఖమే కనిపించింది.

"నువ్వు తప్పుకో," అన్నాడు తమ్ముడు. గొట్టాన్ని తడిమాడు. "గాజు యాడుండాది? ఇక్కడా? కొలత లెన్సు మూతి నుంచి కాదప్పా, గాజు నుంచి పట్టాల."

గాజు ఉన్న చోట మోచెయ్యి ఆనించి చెయ్యి చాపాడు. వేలి కొన ఆగిన చోటును రెండో చేత్తో పట్టుకుని, అక్కడి నుంచి ఇంకో మూర వేశాడు. ఆ మూర చివర వాడి వేళ్ళు గాలిలో వెతికాయి. మరదలు ముఖాన్ని కాస్త ముందుకు తెచ్చింది. వేళ్ళు చెంపకు తగిలాయి. చెంప మీంచి మెల్లగా పైకి పోయి కనురెప్ప అంచున ఆగాయి.

"రెండు మూరలు. అంటే మూడడుగులు. లెన్సు మీద మూడంకె దగ్గర పెట్టప్పా. నువ్వు కదలొద్దు," అన్నాడు ఆమెతో.

"బెల్లం యాడ దొరికింది మీకు?" అంది ఆమె కదలకుండానే. "వేళ్ళన్నీ జిగట."

వాడు చెయ్యి వెనక్కి తీసుకుని పంచెకు తుడుచుకున్నాడు. నేను మీట నొక్కాను.

"ఏమైనా మాట్లాడమ్మా," అన్నాను.

"ఏం మాట్లాడేది బావా, నెత్తి మాడతా ఉండాది."

తమ్ముడు పక్కన నిలబడి, ముఖం ఆమె వైపు కాక కొంచెం పక్కకు పెట్టి వింటున్నాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం వాడి గదిలో టీవీకి తీగె తగిలించాను. బొమ్మ తలకిందులుగా వస్తుంది; దాన్ని తిప్పే విద్య నాకు రాదు. అందుకని టీవీనే తిప్పి, మంచం మీద దిండ్లకు ఆనించి తలకిందులుగా నిలబెట్టాను. కుర్చీ దగ్గరగా లాగి వాణ్ణి కూర్చోబెట్టాను. వాడు చెయ్యి చాపి టీవీని, దిండ్లను తడిమాడు.

"దీన్ని యాల ఇట్ల కూర్చోబెట్టినావు? ముఖాల్ని తలకిందులుగా చూసే కదప్పా నేను అన్నం తినింది. మామూలుగా పెట్టు."

మామూలుగా పెట్టాను. బొమ్మ తలకిందులుగానే వచ్చింది. ఈ భాగాన్ని ఎన్నిసార్లు చెప్పినా ఒక్క మాట మార్చలేదు నేను. దుప్పట్లు కరిగి లేత పొగైపోయాయి. ఆ పొగలో మా మరదలి ముఖం, ఒక్కొక్క ముడత వేరువేరుగా, చెవి పక్కన తెల్ల వెంట్రుకలతో సహా. పెదవుల మీద చిన్న నవ్వు. తమ్ముడు ముందుకు వంగాడు. వాడి కుడి కంటి నుంచి నీళ్ళు కారి గడ్డం దాకా వచ్చాయి. తుడుచుకోలేదు.

"కనిపిస్తా ఉండాదా?" అన్నాను.

"ఉండాదన్నా," అన్నాడు. "బాగుండాది."

నాకు అంతకంటే ఏం కావాలి? కెమెరా, గొట్టం సంచీలో వేసుకుని అటు నుంచి అటే బెళ్ళందూరు వెళ్ళాను. అల్లుడికి చూపించాను. వాళ్ళ అపార్టుమెంటులో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చూపించాను. అక్కడ ఉండగానే ఫోను వచ్చింది, తమ్ముడి కంట్లో మళ్ళీ రక్తం దిగిందని. ఆపరేషను చేశారు. చూపు రాలేదు. ఆ తర్వాత వాడు బతికినన్నాళ్ళూ పగలూ రాత్రీ వాడికి ఒకటే. మొన్న వానల్లో పోయాడు. చూసే పోయాడు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. వాణ్ణి మోసుకుపోయిన రోజు కూడా ఆ మాట పట్టుకునే నడిచాను.

ఇంతవరకు రాసి, నిన్న మరదలికి చదివి వినిపించాను. ఆమె నానబెట్టిన అవరె గింజల, అంటే అనపగింజల, పొట్టు నొక్కి తీస్తూ విన్నది. చివరి దాకా చేతులు ఆపలేదు.

"నీళ్ళు కారింది మందుకు బావా," అంది. "ఆ పొద్దు మీరు టీవీ పెట్టకముందే ఆసుపత్రికి పోయి వస్తిమి. కంటిపాప విప్పే మందు వేసి పంపినారు. సాయంత్రం దాకా తెల్లగా వెలుతురు తప్ప ఏమీ తెలీదని చెప్పినారు. పొద్దు వంగినంక చూపించండి అని నేను అంటిని. అయిదు నిమిషాలే అంటిరి మీరు."

"కనిపిస్తా ఉండాదని వాడే అన్నాడు కదమ్మా."

"మీరు అట్ల అడిగితే ఇంకేమంటాడు? రేపు మళ్ళీ చూద్దామనుకుంటే మీరు కెమెరా ఎత్తుకొని పోతిరి. ఫోను చేస్తానంటే వద్దన్నాడు, అన్న సంతోషంగా ఉండాడు, రెండు దినాలు పోనీ అని." ఒక గింజ నొక్కి పప్పును గిన్నెలో వేసింది. "ఇంగ నేను నవ్వినానని రాసినారే, యాడ నవ్వితిని? ఎండకు మూతి ముడుచుకొని కూర్చుంటి. మీరు పోయినంక ఆయనా అదే అడిగినాడు నన్ను. టీవీలో నువ్వు నవ్వతా ఉంటివా, సుమ్నే ఉంటివా అని."