నుయ్యి ఊరేదాకా

వారాంతం వస్తే చాలు, హైటెక్ సిటీ ఉద్యోగులు సికింద్రాబాద్ స్టేషన్‌కి పరిగెత్తుకొచ్చే రోజులవి. పద్మారావు నగర్‌లో ఓ మేడమీది గదిలో నడిచే టూర్ల ఆఫీసులో పనిచేసేవాణ్ణి. నాకు కాస్త తెలివి ఎక్కువైంది. హోటళ్ళూ గోలా వద్దు, శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డున మా పిన్ని ఊరుంది, వచ్చినవాళ్ళని ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లోనే దించుదాం, వాళ్ళు వండిందే పెట్టిద్దాం, ఊరు పాడవకుండా చూపిద్దాం అన్నాను. ప్లాస్టిక్ సీసా ఒక్కటి కూడా తేకూడదని నియమం పెట్టిందీ నేనే. ఊరి నూతి నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉంటాయని కాగితం అచ్చువేయించి మరీ పంచాను.

ఆ ఊరికి మంచినీళ్ళ నుయ్యి ఒక్కటే. పొద్దున ఇంటికి రెండు బిందెలు తోడుకున్నాక, మళ్ళీ సాయంత్రం దాకా ఎవరూ చేద వెయ్యరు. నుయ్యి ఊరాలి. ఆగకుండా తోడేస్తే అడుగునుంచి ఉప్పునీరు ఎక్కుతుంది. చిన్నప్పుడు సెలవులకి వెళ్ళి, మిట్టమధ్యాహ్నం చేద వేసినందుకు పిన్ని చేతిలో వీపు విమానం మోత మోగించుకున్నవాణ్ణి, నాకు తెలియదా? తెలుసు. ఆ ముక్క కాగితంలో వేయించలేదు, అంతే.

ప్రతి శనివారం ముప్ఫైమంది దిగేవారు. సముద్రంలో మునగడం, వచ్చి ఒంటికంటిన ఇసుక పోయేదాకా నూతి దగ్గర గుమ్మరించుకోవడం. ఊళ్ళోవాళ్ళు పిన్ని మొహం చూసి ఊరుకున్నారు. రెండో ఎండాకాలానికి నుయ్యి ఉప్పెక్కింది.

పిన్ని నాకు ఫోన్ చెయ్యలేదు. ఎవరో చెబితే వెళ్ళాను. ఆడవాళ్ళు రెండు మైళ్ళు నడిచి పక్క ఊరినుంచి నీళ్ళు మోసుకొస్తున్నారు. పిన్నితో ఎవరూ మాట్లాడటం లేదు. ముందే ఎందుకు ఆపలేదని ఆవిడమీదే కేకలేశాను, సిగ్గులేకుండా.

"నీ పేరు సెప్పుకుని వచ్చినోళ్ళురా. నీళ్ళు ముట్టుకోకండని ఏ నోటితో సెప్పమంటావు?" అంది పిన్ని.

ఏడుపొచ్చింది నాకు. తిరిగొచ్చి ఆఫీసు ఓనరుకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇక అక్కడికి ఎవర్నీ పంపొద్దన్నాను. అల్వాల్ మనిషి, మంచివాడే. అంతా విన్నాడు, చాయ్ తెప్పించాడు. వచ్చే వారానికి బుకింగులు అయిపోయాయని మెల్లగా గుర్తుచేశాడు.

"పరేషాన్ గాకు. పక్క ఊర్ల మంచి బాయి గిట్ల ఉందా?"

ఉందన్నాను.