పెన్సిలు ఆవిడ అభిప్రాయం

సంపూర్ణమ్మకు కోపం తెప్పించని నవల ఇంకా అచ్చు కాలేదని జాన్‌బాబు అనేవాడు. పటమటలో బస్టాపు పక్కన అతనిది అద్దె పుస్తకాల షాపు. ఆమె రోజుకొక పుస్తకం తీసుకెళ్లేది. మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి, పెరటి గుమ్మంలో చాప వేసుకుని, పంపు నీళ్లు వచ్చేలోపు ముగించేది. పామర్రులో ఎనిమిదో తరగతితో చదువు మాన్పించి పెళ్లి చేశారు. ఆ కసంతా పుస్తకాల మీద తీర్చుకుందంటే అబద్ధం కాదు.

అద్దె పుస్తకం చివరి తెల్లకాగితం మీద ఎవరికి తోచింది వాళ్లు రాయడం అప్పటి అలవాటు. "చాలా బాగుంది" అని ఒకరు, "హంతకుడు డాక్టరే, చదవక్కర్లేదు" అని ఇంకో పుణ్యాత్ముడు. సంపూర్ణమ్మ మాత్రం పెన్సిలుతో పేజీ నిండా రాసేది. "ఈ డిటెక్టివు సిగరెట్టు వెలిగించినప్పుడల్లా ఒక ఆధారం దొరుకుతుంది. పోలీసులందరికీ సిగరెట్లు కొనిస్తే పోయేది." పెద్ద పేరున్న రచయితల సాంఘిక నవలలనూ వదల్లేదు. "నాయిక మూడు వందల పేజీలు ఏడ్చింది. ఒక్కపూట అన్నం వండలేదు, తినలేదు. ఏడ్చేవాళ్లకూ ఆకలేస్తుందని ఈయనకు ఎవరైనా చెప్పండి." నచ్చిందంటే ఒక్కటే మాట: "ఈ మనిషి అబద్ధం ఆడలేదు."

కింద పేరు ఉండేది కాదు. ఇంటి ఆడమనిషి పేరు ఊళ్లో చేతులు మారడం ఏమిటని భర్త బసవయ్య మొదట్లోనే అడ్డం పడ్డాడు. అందుకని షాపుకు వచ్చేవాళ్లు "పెన్సిలు ఆవిడ ఏం రాసిందండీ?" అని అడిగి మరీ పుస్తకం తీసుకునేవారు.

డెబ్భై నాలుగు వేసవిలో ఒక వారపత్రికలో పుస్తక సమీక్షల పేజీ తెరిచేసరికి, ఆ అన్నం వండని నాయిక ఆమెకు అచ్చులో ఎదురైంది. ఏడ్చేవాళ్ల ఆకలితో సహా, అక్షరం పొల్లుపోకుండా. కింద పేరు వెంకటసుబ్బారావు, ఎం.ఏ. ఆయన ఒక కాలేజీలో తెలుగు లెక్చరరు. ఆయనా జాన్‌బాబు షాపుకే వస్తాడు.

"ఆయన పుస్తకం ఎన్నాళ్లు ఉంచుకుంటాడు జాన్‌బాబూ?" అని అడిగింది.

"ఎన్నాళ్లేంటమ్మగారూ, పది నిమిషాలు. ఇక్కడే స్టూలు మీద కూచుని వెనక పేజీ రాసుకుని ఇచ్చేస్తారు. మీ రాతంటే అంత గౌరవమేమో అనుకున్నానండీ."

"గౌరవమా! దొంగతనానికి భలే పేరు పెట్టావయ్యా."

ఇంట్లో బసవయ్య, "పోనిద్దూ, నీ మాట అచ్చయిందిగా" అన్నాడు.

"అయితే మీ ఎరువుల కొట్టు బోర్డు మీద ఎదురింటాయన పేరు రాయించండి. కొట్టు ఎలాగూ నడుస్తుందిగా!"

బసవయ్య వెళ్లి కంచం ముందు కూర్చున్నాడు. పేరు వద్దన్నది మొగుడు, పేరు పెట్టుకున్నది పరాయివాడు. మిగిలిన ఆ కాస్త మాటా తనదని చెప్పుకోవడానికి లేకుండా పోయింది. సంపూర్ణమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. తరువాతి సంచికలో ఆ సమీక్షను మెచ్చుకుంటూ పాఠకుల ఉత్తరాలు వచ్చాయి. అవి చదివి పత్రికను గోడకేసి కొట్టింది.

నెల తిరక్కుండానే 'పన్నెండో నంబరు లాంచీ' అనే డిటెక్టివు నవల మీద లెక్చరరు గారి సమీక్ష వచ్చింది. అదీ ఆమె రాసిందే. "నూట నలభై నాలుగు పేజీల దాకా పేరైనా వినపడని వంటవాణ్ణి చివర్లో తెచ్చి హంతకుడంటే అది తెలివి కాదు, పేకాటలో తొడ కింద దాచిన ముక్క తీయడం."

ఈసారి ఆ నవల రాసినాయనే పత్రికకు ఉత్తరం రాశాడు. తన నవలలో వంటవాడే లేడు, హంతకుడు లాంచీ నడిపే సరంగు, సమీక్షకుడు అసలు పుస్తకం తెరిచాడా అని నిలదీశాడు. మరుసటి వారం వెంకటసుబ్బారావు సంజాయిషీ ఇచ్చుకున్నాడు: "అద్దె పుస్తకంలో ఎవరో చదువులేని గృహిణి గీసిన పిచ్చిరాతలు నన్ను తప్పుదోవ పట్టించాయి. చింతిస్తున్నాను."

సంపూర్ణమ్మ పత్రిక పట్టుకుని షాపుకు వెళ్లింది. జాన్‌బాబు ఆ పుస్తకం తీసి కుట్లు విప్పాడు. చిరిగిన నవలలను కట్టకట్టి బైండింగుకు పంపడం అతని పద్ధతి. బైండరు చివరి పదహారు పేజీల మడతకు బదులు మరో నవలది తెచ్చి కుట్టేశాడు. రెంటిలోనూ డిటెక్టివు ఒకడే, అక్షరాలు ఒకటే, పేజీల నంబర్లూ కలిశాయి. ఈ రచయితలు ఏ మోసానికైనా తెగిస్తారని ఆమె ముందే కోపం పెట్టుకుంది కాబట్టి అనుమానం రాలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"ఊరుకోండమ్మగారూ," అన్నాడు జాన్‌బాబు. "ఆ గృహిణి ఎవరో పత్రిక చదివేవాళ్లకి తెలీదుగా. నోరు మెదిపితే ఊరంతా మిమ్మల్నే చూసి నవ్వుద్ది."

ఆ మాట నిజమే. రెండు రోజులు ఆలోచించింది. ఆదివారం లెక్చరరు వచ్చి స్టూలు మీద కూర్చోగానే, షాపులో ఐదారుగురు ఉండగా ఆయన ఎదురుగా నిలబడింది.

"ఏవండీ, ఆ చదువులేని గృహిణిని నేనే."

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "మీ మంచి కోరే కదమ్మా మీ ఆనవాలు బయటపెట్టలేదు."

"జనం మెచ్చుకుంటూ ఉత్తరాలు రాసినప్పుడు ఈ మంచితనం ఏమైందండీ? మెప్పొస్తే మీ పేరు, తప్పొస్తే ఎవరో గృహిణా?"

"తప్పు మీదే కదా మరి?"

"నాదే. నూట అరవై పేజీలూ చదివి తప్పు రాశాను. మీరు ఒక్క పేజీ చదవలేదు. తప్పు చెయ్యడానికి కూడా మీకు అర్హత లేదు."

ఆయన లేవబోయాడు. ఆమె చేతిలోని పోస్టుకార్డు అందరికీ వినపడేలా చదివింది. "సంపాదకుల వారికి. వంటవాడి సంగతి రాసింది నేను. రచయితకు నా క్షమాపణ. ఏడ్చేవాళ్లకు ఆకలేస్తుందని రాసింది కూడా నేనే. దానికి క్షమాపణ లేదు. ఇట్లు, సంపూర్ణమ్మ, పటమట."

షాపులో ఎవరూ నవ్వలేదు. లెక్చరరు ముఖం కందిపోయింది. "ఇదంతా మీవారికి తెలుసా?" అన్నాడు.

"అచ్చయ్యాక చదువుకుంటారు లెండి," అని ఆమె కార్డు పోస్టు డబ్బాలో వేయడానికి రోడ్డు దాటింది.