బురుజు ఎక్కిన నర్సాగౌడ్ సారు

మా సోషల్ సారు నర్సాగౌడ్ గారు ఇక లేరన్న దుర్వార్త నాకు సిరిసిల్లలో, మా బడిలో, తొమ్మిదో తరగతి తెలుగు పాఠం మధ్యలో అందింది. కోరుట్ల నుంచి సారు కొడుకు శ్రీధర్ ఫోన్ చేశాడు. "అక్కా, బాపు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి, కుర్చీల కూసొని పేపరు సదువుకుంటనే..." అన్నాడు. అశనిపాతం అంటే పిడుగు పడటమని ఏళ్ల తరబడి పిల్లలకు అర్థం చెబుతున్నదాన్ని. అది నా నెత్తిన పడ్డప్పుడు మాత్రం చేతిలోని సుద్దముక్కను ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే దుఃఖం కన్నా ముందు భయం వచ్చింది. డాక్టర్లు కదలొద్దన్న ఆ గుండెజబ్బు మనిషిని నాలుగు రోజుల కిందటే నా కారులో ఎక్కించుకొని పొద్దంతా తిప్పింది నేనే.

మర్నాడు పేపరులో, జిల్లా పేజీ అడుగున, విశ్రాంత ఉపాధ్యాయుడు దీర్ఘకాలంగా మంచం పట్టి కన్నుమూశారని రెండు వాక్యాలు వేశారు. ఆ అబద్ధం చదివి నాకు కోపం రావాలి. రాలేదు. లోకం అలా అనుకుంటేనే నాకు క్షేమమని ఊరుకున్నాను. సిగ్గుతో ఒప్పుకుంటున్నాను.

సారుది పెగడపల్లి దగ్గర ఊరు, కల్లుగీత వృత్తి కుటుంబం. డిగ్రీ చదివే రోజుల్లో కూడా సెలవులకు వస్తే మోకు నడుముకు బిగించి తండ్రితో పాటు తాటిచెట్లు ఎక్కేవారు. ఒక ఏడాది వానలు ముఖం చాటేసినప్పుడు, చెట్టు మీద నుంచి చూస్తే పక్క మక్కచేనులో ఒక గీత తిన్నగా పోయి, మలుపు తిరిగి, మళ్లీ తిన్నగా పోతూ కనబడిందట. ఆ గీత మేర మొక్కజొన్న మొక్కలు మిగతావాటికన్నా ముందే ఎండాయి. తండ్రీకొడుకులు దిగి అక్కడ పారతో తవ్వితే జానెడు లోతున రాతిగోడ తగిలింది. ఎప్పుడో కూలిన గుడి ప్రహరీ అది. ఆయన చరిత్రాధ్యయనానికి అదే అక్షరాభ్యాసం. "కింద నిలవడి సూత్తె మక్కలే కనబడ్తయి. గోడ గావాల్నంటె పైకెక్కాలె" అని తరగతిలో ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. మమ్మల్ని బడి డాబా మీదికి ఎక్కించి పాఠం చెప్పినందుకు హెడ్మాస్టరు గారితో చీవాట్లు కూడా తిన్నారు.

మా పదో తరగతిలో కోటిలింగాలకు తీసుకుపోయారు. శాతవాహనుల నాటి ఇటుకలు, పెంకులు కాళ్ల కింద పటపటమనే గోదావరి ఒడ్డు అది. ఒక మందపాటి కుండ మూతి ముక్కను ఎత్తి పట్టుకొని సారు మురిసిపోయారు. "గిది రోమ్ దేశం జాడీ మూతంటరు. ఔనో కాదో సదువుకున్నోళ్లు తేల్సుకుంటరు. నాకైతే మా నాయిన చెట్టుకు కట్టెటి కల్లు లొట్టి లెక్కనే కనబడ్తుంది. ఏడనో సముద్రం అవుతల మనసొంటోడే సారా పోసి, మూతి గట్టి పంపిండు!" అన్నారు. రోమ్ సామ్రాజ్యం మా వాడకట్టుకు చుట్టమైంది ఆ రోజే.

ఆ మూతి ముక్కను నేను సంచీలో దాచాను. బస్సు ధర్మపురి దాటేసరికి సారు నా ముఖం చూసి, "ఏంది బిడ్డా, ఏం మోస్తున్నవ్?" అన్నారు. నేను భోరుమన్నాను. తిట్టలేదు. డ్రైవరును బతిమాలి బస్సు వెనక్కి తిప్పించి, దొరికిన చోటనే నా చేత పెట్టించారు. "ఏడిది ఆడ ఉంటెనే అది మాట్లాడ్తది" అన్నారు. ఇంటికి చీకటి పడ్డాక చేరి, నలభై ఇళ్ల తల్లిదండ్రుల చేత తిట్లు మాత్రం ఆయనే పడ్డారు.

ఇక ఆ ఆదివారం సంగతి. "బిడ్డా, కారు తీస్తవా? పాతజాగలన్నీ ఒక్కసారి జూసొస్త" అని ఆయనే ఫోన్ చేశారు. నేను పుట్టు పిరికిదాన్ని. ఇంట్లో ఒప్పుకుంటేనే అన్నాను. తీరా కోరుట్ల వెళితే సారు భార్య, మేమంతా అమ్మా అని పిలిచే భూలక్ష్మమ్మ గారు దారిలో తినడానికి సర్వపిండి కట్టి, మందుల డబ్బా నా చేతిలో పెట్టి, "మెల్లగ నడుపు" అని మాత్రం అన్నారు. అంత సులువుగా పంపడం నాకు వింతగానే తోచింది.

కోటిలింగాలలో గొడుగు కింద కూర్చొని ఒక్కో పెంకూ ఎత్తి, చూసి, మళ్లీ అక్కడే పెట్టారు. వచ్చేటప్పుడు పెగడపల్లి వైపు తిప్పించి, తమ ఊరి పొలిమేరలో తాటిచెట్లను కారు అద్దంలోంచే పలకరించారు. సాయంత్రానికి జగిత్యాల కోట చేరాం. మిగతావాటి ముందు ఈ కోట నిన్నగాక మొన్నటిదని సారుకు ఎప్పుడూ చిన్నచూపే. అయినా అక్కడ ఒక రాతి మీద కూర్చొని, "చాయ్ తాగబుద్ధైతుంది, తేపో" అన్నారు. కోట బయటి దాకా పోయి రెండు చాయ్‌లు పట్టుకొని వచ్చేసరికి రాయి ఖాళీ. తలెత్తితే సారు బురుజు మీద ఉన్నారు!

చాయ్ చేతుల మీద ఒలుకుతున్నా పరుగెత్తాను. సారు చొక్కా చెమటతో తడిసిపోయింది, ఆయనకు ఊపిరి అందడం లేదు. "నన్ను జూడకు, అటు జూడు" అన్నారు. ఊరి డాబాలు, వాటి అవతల చేన్లు, వాటిమీద ఎర్రటి ఎండ. సారు ముఖంలో అంతటి ఆనందం నేను అంతకు ముందు చూడలేదు. దిగేటప్పుడు నా భుజం పట్టుకొని, "మీ అమ్మకు జెప్పకు" అన్నారు. సరేనన్నాను.

నాలుగో రోజున పోయారు. అంత్యక్రియలకు వెళ్లి అందరి వెనక నిలబడి, అమ్మ కంట పడకుండా తిరిగి వచ్చేశాను. అన్నం సయించలేదు. నేనే చంపానన్న మాట లోపల తిరుగుతూనే ఉంది. పదకొండో రోజు వెళ్లక తప్పలేదు. అమ్మ నన్ను చూసి చెయ్యి పట్టుకొని వంటింట్లోకి తీసుకుపోయారు.

"అమ్మా, సారును నేను..." అని మొదలుపెట్టానో లేదో, "బురుజెక్కిండు. నడుమ ఆరుసార్లు కూసున్నడు. నాకెర్కే" అన్నారు.

ఎవరు చెప్పారని అడిగాను.

"చెప్పులు ఇడువకముందే జెప్పిండు బిడ్డా, ఆయన కడుపుల ఏమాగుతది? మందులు పనిజేస్తలేవు, ఇగ దినాలే అని డాక్టరు మాకు ముందే జెప్పిండు. ఆయనకు గూడ ఎర్కే. మంచంల పండుకొని పోవుడు నాతోని గాదన్నడు. గందుకే పంపిన. నీకు జెప్తె నువ్వు కారు తీసెటిదానివా?"

తీయకపోదునని ఒప్పుకున్నాను.

"గా పిల్ల పెంకు మోసినట్టు గిది గూడ మోస్తది, నువ్వే దించు అని నాకు అప్పజెప్పిండు. నువ్వేమో మొఖం జూపియ్యకుంట పోతివి" అని కొంగుతో నా కళ్లు తుడిచారు. పదకొండు రోజులుగా గుండె మీద ఉన్న బండ దిగిపోయింది. గురువును పోగొట్టుకున్న ఏడుపు అప్పుడు గాని రాలేదు. ఆ వంటింట్లోనే తనివితీరా ఏడ్చాను.

ఏడుపు ఆగాక అమ్మ గట్టిగా అడిగారు. "పేపర్ల గట్ల రాసిండ్రేంది, మంచం బట్టిండని? నువ్వు తెలుగు టీచర్‌వు గదా. ఎక్కిండని రాయి."

ఎండిన మక్కచేనులో గోడను చూపించే కన్ను మా జిల్లాలో ఇక లేదు. ఆ లోటు తీరేది కాదు, తీరుతుందని ఎవరన్నా నేను నమ్మను. ఆ మహనీయుని పాదాలకు నమస్కరించి, అమ్మ ఆజ్ఞ ప్రకారం తప్పు దిద్దుతున్నాను. మా నర్సాగౌడ్ సారు మంచం పట్టలేదు. ఆరుసార్లు కూర్చొని, ఆరుసార్లూ లేచి, జగిత్యాల కోట బురుజు ఎక్కారు.