రేపల్లెలో బావ చొక్కా

నిన్న సాయంత్రం నాలుగింటికి బాపట్ల నుంచి ఫోన్. మా అక్క పక్కింటావిడ.

"మీ విజయక్క ఎంత పిలిచినా లేవట్లేదండి. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నారు..."

"ఇంకాస్త గట్టిగా పిలవండి," అన్నాను.

అలా ఎందుకన్నానో తెలియదు. అవతల ఆవిడ ఏడుస్తోందని ఆ తర్వాత అర్థమైంది.

తెనాలిలో రైలెక్కడం గుర్తుంది. బాపట్లలో దిగడం గుర్తు లేదు.

విజయక్క మా పెద్దమ్మ కూతురు. మీలో కొందరికి మాత్రం ఆమె గ్రూప్ అడ్మిన్ అక్క. పాత మంచం, మిక్సీ, పిల్లల సైకిల్... మనకి అక్కర్లేనిది ఏదైనా ఫోటో తీసి పెడితే, కావాల్సినవాళ్లు వచ్చి ఊరికే పట్టుకెళ్లే మన ఫేస్‌బుక్ గ్రూప్. తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్లందరికీ అందులో ఆమె అక్కే.

ఆ గ్రూప్ లోకి ఎలా వచ్చిందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఈరోజు నేను చెప్పాలి. అందులో నా తప్పు ఉంది.

నాలుగేళ్ల క్రితం సుధాకర్ బావ పోయారు. ఉదయం ఇంట్లోంచి బయల్దేరి స్టేషన్‌కి నడిచి వెళ్తున్నారు. అక్క గేటు దగ్గర నిలబడి చూస్తూ ఉంది. ఆయన వీధి మలుపు తిరిగారు. అక్క గేటు వేసుకుని లోపలికి వచ్చింది.

స్టేషన్ చేరకముందే రోడ్డు మీద కుప్పకూలిపోయారు.

వాళ్లకి పిల్లలు లేరు. పన్నెండు రోజులూ నేనే దగ్గరున్నాను. బీరువా తెరిచినప్పుడల్లా అక్క అలా నిలబడిపోతోంది. చూడలేక ఒకరోజు బావ చొక్కాలన్నీ మడిచి, ఫోటో తీసి, గ్రూప్ లో పెట్టేశాను.

అక్కని అడిగాను. తల ఊపింది.

ఆ రోజుల్లో ఏది అడిగినా తల ఊపేది. కాఫీ తాగుతావా అన్నా అంతే.

రెండు రోజుల్లో చొక్కాలన్నీ వెళ్లిపోయాయి. రేపల్లె నుంచి కరీం అనే ఆయన నీలం గళ్ల చొక్కా వేసుకుని గ్రూప్ లో ఫోటో పెట్టాడు. "థాంక్స్ అక్కా, నాకు కుట్టినట్టే ఉంది."

నేను లైక్ కొట్టాను.

అక్క ఆ ఫోటో సేవ్ చేసుకుంది. ఆ సంగతి నాకు నెల తర్వాత తెలిసింది. ముఖం కనబడకుండా జూమ్ చేసి, ఒట్టి చొక్కా మాత్రమే చూసేదట. గంటలు గంటలు.

ఒక ఆదివారం చెప్పా పెట్టకుండా తెనాలి వచ్చేసింది. "రేపల్లె పోదాం పదవే," అంది. ఎందుకని అడగలేదు. రేపల్లె రైలెక్కాం. వేమూరు దాటాక, "అడిగితే తిరిగి ఇస్తాడంటావా?" అంది.

కరీంది సైకిల్ రిపేర్ షాపు. మేం వెళ్లేసరికి అటు తిరిగి కూర్చుని పంక్చర్ వేస్తున్నాడు.

ఒంటి మీద అదే చొక్కా.

అక్క రోడ్డు మీదే ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

మేం ఎవరమో చెప్పగానే ఆయన కంగారుగా లేచాడు. "అయ్యో, చెప్తే నేనే తెచ్చి ఇచ్చేవాణ్ణి కదక్కా. ఒక్క నిమిషం, విప్పి ఇచ్చేస్తా."

"వద్దు తమ్ముడూ," అంది అక్క. "ఒక్క పని చేస్తావా? ఆ మలుపు దాకా నడిచెళ్లి, మళ్లీ రా."

ఆయన నా వైపు చూశాడు. గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుని, ఇంకేం అడక్కుండా నడిచాడు.

వెనక నుంచి చూస్తే బావే.

మలుపు తిరిగాడు. రోడ్డు ఖాళీ.

మహా అయితే అర నిమిషం. నా జీవితంలో అంత పొడుగు అర నిమిషం లేదు. అక్క రెప్ప వెయ్యలేదు.

తిరిగి వచ్చాడు. ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అక్క ఆయన ముఖం చాలాసేపు చూసింది.

"ఆయన కాదులే," అంది మెల్లగా.

తర్వాత కాలర్ సర్ది, "నువ్వే వేసుకో తమ్ముడూ. చిరిగేదాకా వేసుకో," అంది. కరీం కళ్లు తుడుచుకుంటూ మా ఇద్దరికీ టీ చెప్పాడు.

తిరుగు రైల్లో నేను సారీ చెప్పబోయాను.

"ఇవ్వడం తప్పు కాదే," అంది. "కాకపోతే..."

ఆగిపోయింది. కిటికీ వైపు తిరిగింది.

నాలుగేళ్లుగా ఆ వాక్యం నా చెవిలో అక్కడే ఆగి ఉంది. పూర్తి చెయ్యమని ఒక్కసారైనా అడగలేదు. ఇప్పుడు ఇంకెవర్ని అడగాలి?

ఆ తర్వాతే తను అడ్మిన్ అయింది. పోయినవాళ్ల వస్తువులు ఎవరైనా పెడితే ముందు ఫోన్ చేసేది. "ఎవరివండి? ఇంట్లో అందరికీ ఇష్టమేనా? తొందరేం లేదు, ఇంకో నెల ఉంచుకోండి." దుగ్గిరాల నుంచి ఒకాయన కొత్త ఉయ్యాల పెడితే, ఆయనతో గంటసేపు మాట్లాడి, ఆ పోస్ట్ తనే తీసేసింది. ఆయన ఏం చెప్పాడో నాకు కూడా చెప్పలేదు.

ఈ ఉదయం కార్యక్రమం అయ్యాక అక్క ఫోన్ నా చేతికిచ్చారు.

మొన్న గ్రూప్ లో తన కుట్టుమిషన్ పెట్టిందట. "కళ్లు ఆనడం లేదు. నేర్చుకునేవాళ్లు ఎవరైనా పట్టుకెళ్లండి," అని రాసింది. దాని కింద, విషయం తెలియని ఒకమ్మాయి పొద్దున్నే అడిగింది.

"అక్కా, ఇంకా ఉందా అండి?"



చివరికి అక్క ఫోన్ లోంచే జవాబు పెట్టాను.

"మిషన్ ఉందండి. అక్క లేదు."

విజయక్కా, అలసిపోయావు. ఇక ఏ మలుపు వైపూ చూడక్కర్లేదు. నిమ్మళంగా నిద్రపో.