పిస్తోలు గణపతిరావు గారి భార్య

గణపతిరావు పెళ్లిళ్లలో ఏనాడూ తిన్నగా కూర్చోడు. ఎడమ పక్కకి ఒరిగి, కుడి మోచెయ్యి వెనక్కి లాక్కుని, చొక్కా అంచు పైకి జరిగేలా కూర్చుంటాడు. తెలియనివాళ్లు పాపం నడుం నొప్పేమో అనుకుంటారు. తెలిసినవాళ్లు నవ్వు బిగపట్టుకుని "ఏటి బావా, కొత్తదా?" అని అడుగుతారు. ఆ ఒక్క మాట కోసం ఆయన టెక్కలి నుంచి పలాసకీ, మందసకీ పిలిచిన ప్రతి పెళ్లికీ వెళ్తాడు. పిలవని పెళ్లిళ్లు కొన్నింటికీ వెళ్తాడు.

అయితే ఆయన గురించి ఇంతకంటే చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. చెప్పుకోవలసింది ఆయన భార్య వాణి గురించి. ఆమెది మందస. బీఈడీ చదివింది. ఉద్దానంలో ఆ ఇంటికున్న కొబ్బరితోట, జీడితోట చూసేది ఆమే. కొబ్బరికాయల దింపుకి మనుషుల్ని పిలిచేదీ, జీడిపిక్కలు పలాసలో ఎవరికి వెయ్యాలో తేల్చేదీ, అత్తగారు సూరమ్మకి మోకాళ్లకి నూనె రాసేదీ ఆమే. ఇంత చేసినా టెక్కలిలో ఆమెకి సొంత పేరు లేదు. బజారుకి వెళ్తే "పిస్తోలు గణపతిరావు గారి భార్య" అంటారు. ఆ పేరు వినపడ్డప్పుడల్లా ఆమెకి ఒళ్లు మండుతుంది.

ఆయనకి పిస్తోళ్లంటే ఇష్టం అంటారు గానీ, నిజానికి ఆయన మోజంతా లివర్ల మీద. పాతకాలపు పిస్తోళ్లలో కొన్నింటికి వెనక హ్యామర్ అని చిన్న సుత్తిలాంటిది ఉంటుంది. దాన్ని బొటనవేలితో వెనక్కి లాగితే పేలడానికి సిద్ధంగా నిలబడుతుంది. పేల్చకుండా దాన్ని మళ్లీ కిందికి దించాలంటే ఒక లివరు నొక్కాలి. ఆ లివరు కొన్నింటికి పైన ముందుకీ వెనక్కీ జారే భాగం మీద ఉంటుంది. కొన్నింటికి పిడికి కాస్త పైన, పిస్తోలు ఒంటికే ఉంటుంది. ఈ రెండో రకానివే పిస్తోళ్లనీ, మిగతావన్నీ పిల్లలాడుకునే సామాననీ గణపతిరావు అభిప్రాయం. ఆ అభిప్రాయం ఆయన్ని అడిగినవాడు లేడు. అయినా మంగలి షాపులో, జీడిపప్పు వ్యాపారి గదిలో, చివరికి సూరమ్మకి బీపీ చూడటానికి వచ్చిన డాక్టరు దగ్గర కూడా చెప్పాడు. డాక్టరు ఆ పూట బీపీ రెండుసార్లు చూడాల్సి వచ్చింది.

ఇన్నేళ్లలో ఆయన పేల్చింది ఒకే ఒక్కసారి. జీడితోటలోకి ఎలుగుబంటి వచ్చిందని, పిక్కలేరే ఆడవాళ్లు లోపలికి రామంటున్నారని కబురొచ్చింది. ఆయన తీరిగ్గా మర్నాడు మధ్యాహ్నం వెళ్లాడు, అదీ కారులో. తోట గట్టు దగ్గర నిలబడి ఆకాశంలోకి ఒకటి పేల్చాడు. "బెదిరి పారిపోనాది" అని ఇంటికొచ్చి చెప్పాడు. ఎలుగు అప్పటికే ఏ కొండ మీదో పడుకుని ఉంటుంది. ఆడవాళ్లు మాత్రం ఆ శబ్దానికి బుట్టలు వదిలేసి పరిగెత్తారు. పని ఆ రోజూ సాగలేదు.

ఎన్నికలొస్తే లైసెన్సున్నవాళ్లంతా ఆయుధాలు స్టేషన్లో అప్పగించాలి. ఆ రోజుల్లో ఆయన గడప దాటడు. ఒళ్లు బాగోలేదంటాడు. మంచం మీద కూడా కుడి మోచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దొర్లుతుంటాడు. వాణికి ఏడాది పొడుగునా ఎన్నికలే ఉంటే బాగుండుననిపిస్తుంది.

బయటివాళ్లకి ఇదంతా నవ్వులాట. ఇంట్లో వేరు.

పెళ్లయిన కొత్తలో వాణికి పలాసలో ఒక బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. ఆయన వద్దన్నాడు. ఎందుకని అడిగింది. ఆయన చెప్పిన కారణాలన్నింటికీ ఆమె దగ్గర జవాబుంది. ఇక చెప్పడానికేమీ మిగలక ఆయన నడుం నుంచి పిస్తోలు తీశాడు. హ్యామర్ వెనక్కి లాగాడు. బల్ల మీద అన్నం గిన్నె వైపు గురిపెట్టి, లివరు మీద బొటనవేలు ఆనించి, నెమ్మదిగా నొక్కాడు. టక్కుమని దిగింది. "ఏటి, జడుసుకున్నావా? సరదాకే!" అని నవ్వి, చారు వెయ్యమన్నాడు. ఆమె వేసింది. ఆ ఉద్యోగం మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ తరవాత అదే ఆయన వాదన అయిపోయింది. తమ్ముడి ఇంటికి వెళ్తానన్నా, తోటలో కొత్త బోరు వెయ్యాలన్నా, కొడుకు సునీల్‌ని విశాఖలో ఏ కాలేజీలో చేర్చాలన్నా, మాటల్లో ఓడిపోతున్నానని ఆయనకి అనిపించగానే చెయ్యి నడుం దగ్గరికి వెళ్లేది. ఆమె అక్కడితో ఆగిపోయేది. మూర్ఖుడి చేతిలో అలాంటి వస్తువుంటే తెలివైన మనిషి మాటకి విలువేముంటుంది? లోపల గుండుందో లేదో ఆమెకి ఏనాడూ తెలియదు. ఆయనకి తెలుసన్న నమ్మకమూ ఆమెకి లేదు. ఎవరికైనా చెబుదామంటే, "నీ మొగుడు సరదా మనిషే" అని అందరూ ముందే నవ్వేసేవాళ్లు. సూరమ్మ కొడుకుని ఒకసారి కసిరింది గానీ, ఆయన ఆమె మాట కూడా అలాగే ఆపాడు.

కిందటేడు మావగారు పోయారు. ఆయన పేరు మీదున్న జర్మనీ పిస్తోలు స్టేషన్లో అప్పగించాల్సి వచ్చింది. దాని లివరుతో హ్యామర్‌ని దించడమే కాదు, పైకి లేపొచ్చు కూడా. దశదిన కర్మకి వచ్చినవాళ్లంతా పెద్దాయన మంచితనం చెప్పుకుంటుంటే కొడుకు ఆ లివరు గురించి చెప్పాడు. చిక్కేమిటంటే దాన్ని విడిపించుకోవాలంటే లైసెన్సు కావాలి, చట్టప్రకారం ఒక మనిషి దగ్గర రెండుకి మించి ఉండకూడదు. గణపతిరావుకి అప్పటికే రెండున్నాయి. సునీల్‌కి ఇంకా వయసు చాలదు. తల్లిని అడిగితే "నాకు సేతికర్ర సాలురా, అది పేలదు" అంది. ఇక మిగిలింది కోడలు.

"నీ పేర్న లైసెన్సు ఎట్టిత్తాను. పేరే నీది, పిస్తోలు నాది," అన్నాడు గణపతిరావు.

"నాకెందుకండీ?"

"నీకెందుకంటే ఏటి సెప్తాను? నాను సెప్పినట్టు సెప్పు. ఎస్సై ఎంక్వయిరీకి పిలుత్తాది. ఎవుల వల్ల పేనబయం అని అడుగుతాది. పోలారావు పేరు సెప్పు. తోట గట్టు తగాదా అని సెప్పు."

పోలారావు పక్క తోట ఆసామి.

"పోలారావు గారు మొన్ననే కదండీ, అత్తమ్మకి పనసకాయ పంపారు?"

"పంపితే? సత్రువు పనసకాయ పంపకూడదేటి?"

నిజానికి గణపతిరావుకి శత్రువులు లేరు. చంపేంత విలువ ఆయనకి ఎవరూ ఇవ్వలేదు. ఆ లోటు ఆయన్ని లోలోపల చాలా బాధిస్తుంది. వాణి ఇంకేదో అనబోయింది. ఆయన చెయ్యి నడుం దగ్గరికి వెళ్లింది. ఆమె సరేనంది.

స్టేషన్‌కి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పిస్తోలు పెట్టుకుని వచ్చాడు. ఎస్సై రాణి ఆ స్టేషన్‌కి కొత్త. దరఖాస్తు చూసి తలెత్తింది.

"మీరు బయట కూర్చోండి సార్. అడగాల్సింది ఆవిడని."

"నాను పక్కనుంటే తప్పేటి మేడమ్? ఆడమనిసి, ఆవిడికేటి తెలుత్తాది?"

"ప్రాణభయం ఆవిడకైతే ఆవిడకే తెలియాలి కదండీ?"

ఆయన బయటికి వెళ్లాడు. రాణి తలుపు దగ్గరికి వేసి, కుర్చీ చూపించి, మామూలు గొంతుతో అడిగింది. "చెప్పండమ్మా, మీకు ఎవరి వల్ల భయం?"

వాణి నోట పోలారావు పేరు సగం దాకా వచ్చింది. అక్కడ ఆగింది. ఈ ప్రశ్న తల్లి అడగలేదు, తమ్ముడు అడగలేదు, టక్కుమన్న శబ్దం పక్క గదిలోంచి విన్న చుట్టాలూ అడగలేదు. ఇన్నేళ్లకి అడిగింది గవర్నమెంటు. అదీ మొగుడి పిస్తోలు కోసం. ఆమెకి నవ్వొచ్చింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంట్లో ఆ వస్తువులు మూడవుతాయి. మూడోది తన పేరు మీదే ఉంటుంది. రేపు ఏదైనా జరిగితే నేరం కూడా తన పేరు మీదకే వస్తుంది.

"మా ఆయన వల్లేనండి," అంది.

వాణి మెల్లగా మొదలుపెట్టి, ఆపకుండా చెప్పింది. బొటనవేలు ఎలా నొక్కుతాడో బల్ల మీద చేసి చూపించింది.

"ఎప్పుడైనా మీ వైపు గురిపెట్టారా?"

"లేదండి. అన్నం గిన్నెకేసి పెడతారు. గిన్నెకి ఎనకాల నేను కూసుంటాను."

రాణి కానిస్టేబుల్‌ని లోపలికి పిలిచి తలుపు దగ్గర నిలబెట్టి, ఆ తరవాత గణపతిరావుని పిలిపించింది.

"మీ దగ్గరున్నది ఒకసారి బల్ల మీద పెట్టండి సార్," అంది.

ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్లకి ఒక పోలీసాఫీసరు అడిగి మరీ చూస్తానంటోంది. "దీని లివరు సూడండి మేడమ్, ఒంటికే ఉంటాది," అంటూ తీశాడు. ఆమె వారించేలోపే హ్యామర్ వెనక్కి లాగాడు, ఇంట్లో చేసినట్టే బొటనవేలు ఆనించాడు, టక్కుమనిపించాడు. గొట్టం ఎటు తిరిగి ఉందో ఆయన చూసుకోలేదు. అది వాణి కుర్చీ వైపు ఉంది. ఆమె కుర్చీతో సహా వెనక్కి జరిగింది.

"కింద పెట్టండి!" అని రాణి అరిచింది.

ఆయన పెట్టాడు. కానిస్టేబుల్ గుళ్లు పెట్టే మేగజైను ఊడదీసి, పై భాగం వెనక్కి లాగాడు. లోపల్నుంచి ఒక గుండు ఎగిరి బల్ల మీద పడి దొర్లింది.

గణపతిరావు దాన్ని వింతగా చూశాడు. "అరె, ఉన్నాదేటి? నేదనుకున్నాను," అన్నాడు.

వాణికి ఏడుపు రాలేదు. చెప్పలేనంత కోపం వచ్చింది. తను భయపడింది పిస్తోలుకి కాదు, క్రూరుడికీ కాదు. లోపలేముందో కూడా చూసుకోని ఒక వెధవకి ఇన్నేళ్లు నోరు మూసుకుని చారు వేసింది.

రాణి కాగితం తీసుకుంది. భార్య ఫిర్యాదు మీద విచారణ తేలేదాకా ఆయన ఆయుధాలు రెండూ, చనిపోయిన తండ్రిది కూడా స్టేషన్లోనే ఉంటాయంది. లైసెన్సు రద్దు చెయ్యమని పైకి రాస్తానంది. గణపతిరావు తనకున్న పరపతంతా ఏకరువు పెట్టాడు. తరవాత బతిమాలాడు. చివరికి వాణి వైపు తిరిగి, "సరదాకని సెప్పవే!" అన్నాడు. మాటతోపాటే చెయ్యి అలవాటుగా నడుం దగ్గరికి వెళ్లింది. అక్కడేమీ లేదు.

"సరదా మీకండి. నాకు కాదు," అంది వాణి.

నిజంగా వాదించాలంటే ఎలాగో ఆయన ఎప్పుడూ నేర్చుకోలేదు.

రాణి ఆమె దరఖాస్తు తిరగేసింది. "ఇది మాత్రం ఇంకా అలాగే ఉందమ్మా. మీకు ప్రాణభయం ఉందని మీరే చెప్పారు. లైసెన్సు అడిగే హక్కు మీకుంది. మరి పిస్తోలు కావాలా?"

వాణి భర్త వైపు ఒకసారి చూసింది.

"ఆయన దగ్గిర లేకపోతే నాకెందుకండీ?" అంది.